ఎర్నెస్ట్ తాత తెలుగు

పోయిన అక్టోబరులో ఎర్నెస్ట్ తాత కూతురు మార్లీన్ ఆంటీ ఫోన్ చేసింది. మేమంతా ఒకప్పుడు ఉన్న పాత ఇంటి పైకప్పు కుంగిపోయిందని, ఇక లాభం లేదు పడగొట్టించేస్తున్నామని, ఆలోగా ఒకసారి వచ్చి చూసుకుంటావా అని అడిగింది. నేనుండే బాతెల్ నుంచి కాన్సాస్‌కి తిన్నగా విమానం లేదు. డెన్వర్‌లో మారి, విచిటాలో దిగి, అద్దె కారులో గోధుమ చేల మధ్య నుంచి పోయాను. నిజం చెప్పాలంటే, ఇల్లు చూసినప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. కిటికీలు ఊడదీసిన ఇల్లు ఎవరిదైనా ఒకలాగే ఉంటుంది. అనిపించింది ఆ సాయంత్రం ఆంటీ ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర. ఆవిడ మునిమనవరాలు, ఇంకా పాలపళ్లు ఊడని పిల్ల, తన పళ్లెంలో వాళ్లమ్మ బంగాళాదుంపల ముద్ద వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అంది. నా చేతిలో ఫోర్కు ఆగిపోయింది. ఏమన్నావమ్మా అని ఇంగ్లీషులో అడిగితే ఆ పిల్ల నన్ను జాలిగా చూసి, అది మా పాత తాత మాట, జర్మన్, అని చెప్పింది. మార్లీన్ ఆంటీ నా వైపు చూడకుండా గిన్నె పక్కవాళ్లకి అందించింది. నేనూ దిద్దలేదు.

ఆ మాట ఆ బల్ల దాకా ఎలా చేరిందో చెప్పాలంటే ఎర్నెస్ట్ తాత గురించి చెప్పాలి.

మాది గుంటూరు పక్కన లూథరన్ల కుటుంబం. నాన్న మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. నాకు సరిగా ఊహ తెలియకముందే జ్వరంతో పోయారు. అమ్మ పేరు ఎస్తేరు, మిషన్ ఆస్పత్రిలో నర్సు. అక్కడ కొన్నేళ్లు పనిచేసి కాన్సాస్ తిరిగివెళ్లిన ఒక డాక్టరమ్మ, తమ ఊరి చిన్న ఆస్పత్రిలో నర్సులకి కొరతగా ఉందని చెప్పి అమ్మను పిలిపించింది. అలా డెబ్బైలు ముగిసిపోతున్న రోజుల్లో, నా ఎనిమిదో ఏట, మార్చి నెల గాలిలో మేమిద్దరం అక్కడ దిగాం. నల్లరేగడి పొలాల మధ్య పుట్టినదాన్నే అయినా అంత నేల ఒక్కచోట పరుచుకుని ఉండడం నేనెప్పుడూ చూడలేదు. ఎక్కడైనా నాలుగు చెట్లు కనిపిస్తే వాటి వెనక ఒక ఇల్లు ఉందని అర్థం. గాలిని ఆపడానికే అక్కడ చెట్లు పెంచుతారు. ఊరికి కొద్ది దూరంలో అలాంటి చెట్ల వెనక ఉన్న ఒక ఇంటి మేడగదులు మాకు బసగా కుదిర్చారు. ఆ ఇంటాయన ఎర్నెస్ట్. భార్య పోయి ఏడాది కాలేదు. అంత ఇంట్లో మనిషి ఒక్కడే ఉండకూడదని చర్చి పెద్దలు నిర్ణయించారు గానీ, ఆయన్ని అడిగినట్టు లేదు. వరండా మెట్ల మీద నిలబడి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, మా పెట్టెల వైపు, మా వైపు మార్చి మార్చి చూశాడు. తర్వాత బరువైన పెట్టె తను తీసుకుని పైకి నడిచాడు. ఆ రోజు ఆయన మాతో మాట్లాడిన గుర్తు లేదు.

మనిషి పొడగరి. నడుం దగ్గర కొంచెం వంగి, ఎదురుగాలిలో నడుస్తున్నట్టే ఉండేవాడు, ఇంట్లో ఉన్నా. మెడ దాకా ఎర్రగా కాలిన ముఖం, టోపీ తీస్తే పైన పాలలా తెల్లటి నుదురు. చారల చారల ఓవరాల్స్ ముందు జేబులో ఎప్పుడూ కొన్ని గోధుమ గింజలు ఉండేవి. ఆలోచించాల్సి వచ్చినప్పుడు రెండు నోట్లో వేసుకునేవాడు. ఆయన వచ్చాడంటే డీజిలు, ఎండిన గడ్డి, ఇంట్లో కాచుకున్న సబ్బు కలిసిన వాసన ముందు వచ్చేది. పొద్దున్నే లేచి కాఫీ ఎంత చిక్కగా కాచేవాడంటే, దాని వాసన మెట్లెక్కి మా గది తలుపు కింది నుంచి దూరి నన్ను లేపేది. రేడియోలో వాతావరణం చెప్పేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు, గిన్నె చప్పుడు కూడా చేయకూడదు. ఆదివారం చర్చికి వెళ్లేముందు బూట్లకి నల్లరంగు పూసి, వాటిని వరండాలో పక్కపక్కనే పెట్టి, అవి ఆరేదాకా మేజోళ్లతో పక్కనే నిలబడేవాడు. క్యాబేజీ, మాంసం కూరి కాల్చిన బన్నులు చేయడం ఒక్కటే ఆయనకొచ్చిన పెద్ద వంట. వాళ్లమ్మ దగ్గర చూసి నేర్చుకున్నదట. మొదటిసారి పెట్టినప్పుడు నేను కజ్జికాయ అనుకుని కొరికాను.

మేడ మీద వంటిల్లు లేదు, కింద ఆయన వంటిల్లే అందరిదీ. వచ్చిన కొత్తలో అమ్మ ఆయన ఎదుట పొయ్యి వెలిగించడానికే జంకేది. పోపు వాసనకి ఏమనుకుంటాడో అని కిటికీలన్నీ తెరిచి, ఆ చలిలో శాలువా కప్పుకుని వంట చేసేది. ఏప్రిల్ చివర్లో వంటింటి గోడ పక్కన ఆయన భార్య వేసిన రూబార్బ్ మడి చిగిర్చింది. ఎర్రటి కాడలు, చేటలంత ఆకులు. అమ్మ ఒక కాడ కొరికి చూసి, గోంగూర పులుపే అని మురిసిపోయింది. గోంగూరే అయితే ఆకే కదా తినాలి. ఆకులన్నీ కోసుకొచ్చి గిన్నెలో మగ్గబెడుతుంటే ఆయన పొలం నుంచి వచ్చాడు. మూత తీసి చూశాడు. మాటా పలుకూ లేకుండా గిన్నె తీసుకెళ్లి పెరట్లో గుంట తీసి, అందులో పారబోసి మట్టి కప్పాడు. అమ్మ ముఖం మాడిపోయింది. మన తిండి ఈయనకి గిట్టడం లేదు, వేరే చోటు వెతుక్కుందాం అని నాతో మెల్లిగా అంది. కాసేపటికి ఆయన చేతినిండా కాడలు పట్టుకుని లోపలికొచ్చి బల్ల మీద పెట్టి, చేయి కడుక్కుంటూ గోడ వైపు తిరిగి చెప్పాడు, ఆకు తింటే చస్తారు, కాడ తినాలి అని. ఆ సాయంత్రం అమ్మ ఆ కాడలతో, గుంటూరు నుంచి తెచ్చుకున్న ఎండుమిరపకాయలతో పచ్చడి చేసింది. ఆయన రొట్టె ముక్కకి రాసుకుని తిని, కళ్లు తుడుచుకుని, మళ్లీ రాసుకున్నాడు. మర్నాడు పొద్దున కాఫీతో కూడా తిన్నాడు. అప్పటి నుంచి కిటికీలు మూసుకునే వంట చేసుకున్నాం.

అమ్మ ఆయన్ని ఎర్నెస్ట్‌గారు అని పిలిచేది. గారు అంటే ఏమిటని ఆయన ఒకసారి అడిగాడు. పెద్దవాళ్లకి మర్యాద కోసం తగిలించే మాట అని చెప్పింది. నాకిప్పుడు గారు కూడా ఉందని ఆయన ధాన్యం గాదుల దగ్గర తోటి రైతులతో చెప్పుకున్నాడని, ఆయన కూతురు మార్లీన్ నవ్వుతూ చెప్పింది. ఆంటీ ఊళ్లోనే, భర్తతో, పిల్లలతో ఉండేది. వారానికి రెండుసార్లు వచ్చి తండ్రి గదులు ఊడ్చి, ఆయనతో నాలుగు మాటలు మాట్లాడించాలని చూసి, విసుగుపడి వెళ్లిపోయేది. తండ్రీకూతుళ్లిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. కానీ పక్కపక్కన కూర్చున్నప్పుడు వాతావరణం తప్ప వేరే సంగతి దొరికేది కాదు.

నేను మాత్రం ఏమని పిలవాలో తెలియక చాలా రోజులు ఏమీ పిలవలేదు. ఒక మధ్యాహ్నం ఆకాశం పచ్చబారిపోయి, ఊళ్లో సైరన్ మోగింది. సుడిగాలి వచ్చేటప్పుడు అక్కడ అలా మోగుతుందని నాకు తెలియదు. అమ్మ డ్యూటీలో ఉంది. ఆయన కొట్టంలోంచి పరుగెత్తుకొచ్చి నన్ను ఎత్తి భుజాన వేసుకుని, పెరట్లో నేల కింద ఉన్న చిన్న గదిలోకి దిగి తలుపు వేశాడు. లోపల చీకటి, బంగాళాదుంపల వాసన, తడిమట్టి వాసన. పైన రైలు పోతున్నట్టు హోరు. నేను ఆయన చొక్కా పట్టుకుని తాతా, తాతా అంటూనే ఉన్నాను. గుంటూరులో మా తాతయ్యనే పిలిచానో, ఈయన్నే పిలిచానో నాకే తెలియదు. అమ్మ వచ్చాక ఆయన ఆ మాటకి అర్థం అడిగాడు. చెప్పింది. ఆయన జేబులోంచి గింజలు తీసి నోట్లో వేసుకుని, అయితే అదే పిలవమను, అన్నాడు.

బడిలో చేరిన మొదటి ఏడాది బాగానే గడిచింది. రెండో ఏడాది, అమ్మా నేనూ సరుకుల కొట్లో మాట్లాడుకుంటుండగా మా క్లాసు పిల్ల ఒకతె విని, మర్నాడు బడిలో ఆ మాటల్ని లొడలొడమని అనుకరించి చూపించింది. అందరూ నవ్వారు. చిన్న విషయమే, పిల్లలు ఎక్కడైనా అంతే. కానీ ఆ రోజు నుంచి నేను బయట తెలుగు మాట్లాడడం మానేశాను. మెల్లిగా ఇంట్లోనూ. అమ్మ తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పేదాన్ని. చదువుకి మంచిదే కదా అనుకుంది ముందు. తర్వాత, డ్యూటీ చేసి అలిసి వచ్చిన మనిషి ప్రతి మాటనీ నాకోసం ఇంగ్లీషులోకి మార్చుకోలేక, మాట్లాడ్డమే తగ్గించేసింది. ఇల్లు నిశ్శబ్దంగా అయిపోయింది. ఆ నిశ్శబ్దాన్ని మా ఇద్దరికంటే ముందు గమనించింది ఎర్నెస్ట్ తాత.

అది జూన్. గోధుమ పండుతోంది. సాయంత్రం భోజనమయ్యాక నన్ను పికప్ ట్రక్కు ఎక్కించుకుని చేను చూడడానికి తీసుకెళ్లాడు. చేను పక్కన ఆపి ఒక కంకి తుంచి, అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊది, గింజ కొరికాడు. టక్కుమని విరిగితే కోతకి వచ్చినట్టు, మెత్తగా నలిగితే ఇంకా ఆగాలి. నాకూ రెండు ఇచ్చాడు. గాలికి చేను ఒక వైపు నుంచి ఇంకో వైపుకి ఒత్తిగిలుతోంది. చాలాసేపు అలా కూర్చున్నాక, మా అమ్మకి ఇంగ్లీషు రాదు, అని మొదలుపెట్టాడు.

వాళ్ల తాతలు రష్యాలో ఓల్గా నది ఒడ్డున సేద్యం చేసుకుని బతికిన జర్మన్లు. విత్తనాలు మూటగట్టుకుని ఈ నేలకి వచ్చారు. ఇంట్లో, చర్చిలో, పొలంలో అంతా వాళ్ల పాత జర్మనే. ఆయన బడిలో చేరిన రోజుల్లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. జర్మన్ మాట నోట వినబడ్డవాళ్లని జనం శత్రువుల్లా చూశారు. ద్రోహులన్న గుర్తుగా కొందరి ఇళ్ల గోడల మీద పసుపురంగు పోశారు. బడిలో ఆ మాట పలికిన పిల్లల చేతుల మీద బెత్తం విరిగేది. ఒక రోజు తండ్రి భోజనాల దగ్గర, ఈ పూట నుంచి ఈ ఇంట్లో ఇంగ్లీషే, అన్నాడు. పిల్లలు తొందరగానే మారిపోయారు. మరిచిపోవడం కూడా ఒక గొప్పే అనుకున్నారట. వాళ్లమ్మ మాత్రం మారలేకపోయింది. గుడ్లు, రొట్టె, పాలు, చలి, ఇలాంటి నాలుగు మాటలు నేర్చుకుని, మిగిలిన జీవితమంతా వాటితోనే వంటింట్లో గడిపింది.

"చివరి రోజుల్లో మంచం మీద నుంచి నాతో మాట్లాడుతూనే ఉంది," అన్నాడు. "నా చెయ్యి పట్టుకుని, ఆపకుండా. అప్పటికి నాకు పెళ్లై, మార్లీన్ కూడా పుట్టింది. అమ్మ చెప్పినదాంట్లో నా పేరు ఒక్కటే అర్థమైంది నాకు."

"మళ్లీ చెప్పమని అడగలేదా తాతా?"

"ఏ భాషలో అడగను?"

ఆయన దానికి నీతి ఏదీ తగిలించలేదు. నువ్వు తెలుగు మాట్లాడు అని చెప్పలేదు. ట్రక్కు స్టార్ట్ చేసి, దారిలో ఎవరిదో కంచె పడిపోతే దిగి నిలబెట్టి, ఇంటికి తీసుకొచ్చాడు. మర్నాడు భోజనం దగ్గర గ్లాసు వైపు వేలు చూపించి, అమ్మని కాదు, నన్ను అడిగాడు: మీ అమ్మ దీన్నేమంటుంది? నీళ్లు, అన్నాను. ఆయన "నీలు" అన్నాడు. అమ్మ చాలా రోజుల తర్వాత పకపకా నవ్వింది. నాలుక మడత పెట్టాలి ఎర్నెస్ట్‌గారూ, అని చూపించింది. ఆయన మడత పెట్టి, దగ్గి, మళ్లీ నీలే అన్నాడు. బతికినన్నాళ్లూ నీలే.

అప్పటి నుంచి భోజనం దగ్గర రోజూ ఏదో ఒక మాట అడిగేవాడు. మొదట ఉప్పు, రొట్టె, చలి, వాన. ఆయన అడిగేవి నాకు తెలిసినన్నాళ్లు దర్జాగా చెప్పాను. తర్వాత ఆయన రైతు ప్రశ్నలకి వచ్చాడు. కంకిని ఏమంటారు, పొట్టుని ఏమంటారు, గింజ పాలు పట్టడాన్ని ఏమంటారు. నాకేం తెలుసు. సాయంత్రం ఆయన అడుగుతాడని మధ్యాహ్నమే అమ్మ దగ్గర చేరి అడిగి పెట్టుకునేదాన్ని. మాటకి మాట తోడై, అమ్మ వాళ్ల నాన్న పొలం, అక్కడి మనుషులు, వాళ్ల తగువులు అన్నీ చెప్పుకొచ్చేది. అలా మేమిద్దరం మళ్లీ మాట్లాడుకోవడం మొదలైంది. ఆ శీతాకాలం అమ్మ తన తెలుగు బైబిలు తీసి నాకు అక్షరాలు దిద్దించింది. ఈ రోజు నేను తెలుగులో నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే, 'ళ' పలకలేని ఒక మనిషి పుణ్యం.

సెప్టెంబరులో విత్తనాలు వేసే రోజు, చేలో తీసిన గీతని ఏమంటారని అడిగాడు. అమ్మ చాలు అని చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు. కాఫీ ఎక్కువ పోస్తుంటే మీరనే మాట అది కదా, అన్నాడు. రెండూ ఒకటేనండి, నాగలి తీసిన గీతా చాలే, ఇక వద్దన్నా చాలే, అంది అమ్మ. ఆయన బల్ల మీది గుడ్డపై వేలితో నిలువునా ఒక గీత గీసి "చాలు" అన్నాడు. తర్వాత కప్పు మీద అరచెయ్యి మూసి "చాలు" అన్నాడు. గింజలు నోట్లో వేసుకుని కాసేపు నమిలాడు. ఈ మాట చేసినవాడు కచ్చితంగా రైతే, అన్నాడు. ఆ ఏడాది ఆయన్ని కలిసిన ప్రతి ఒక్కరికీ ఈ సంగతి చెప్పి ఉంటాడు. మార్లీన్ ఆంటీకి మూడుసార్లు చెప్పాడు. ఆవిడ ఊడుస్తూనే, సరే డాడీ, అంది.

అలా ఏళ్లు గడిచాయి. ఆ ఏళ్ల గురించి తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేవి కోతలే. కోత మొదలైతే ఇక తిండీ నిద్రా దాని చుట్టూనే. పక్క పొలాలవాళ్లు తమ మిషన్లతో వచ్చేవాళ్లు. అమ్మ సెలవు పెట్టి, పెద్ద పళ్లెం నిండా నిమ్మకాయ పులిహోర కలిపి చేలోకి తెచ్చేది. ట్రక్కు వెనక తలుపు దించి, దాని మీద పెట్టుకుని, ఆ ఎర్రటి మెడల మనుషులు చెంచాలతో తినేవాళ్లు. పసుపు అన్నం వచ్చిందా అని దూరం నుంచే అరిచి అడిగేవాళ్లు. నేను ట్రక్కులో పోసిన గోధుమలో మోకాళ్ల దాకా కూరుకుని కూర్చునేదాన్ని. పైన వేడి, లోపల చల్లన. పిడికెడు నోట్లో వేసుకుని నమిలితే బంకలా సాగేది. దుమ్ము, పొట్టు, డీజిలు, కోసిన గడ్డి తీపి, ఇవన్నీ కలిసిన ఆ వాసన నాకిప్పుడు ఎక్కడా తగలదు.

నాకు పదిహేనేళ్లప్పుడు, మళ్లీ విత్తనాల రోజుల్లోనే, ఒక పొద్దున ఆయన కాఫీ వంచుతూ కప్పు పక్కన బల్ల మీద పోశాడు. పోస్తూనే ఉన్నాడు. అమ్మ ఒక్కసారి ఆయన ముఖం చూసింది. నోరు ఒక పక్కకి జారి ఉంది. ఒక్క నిమిషం ఆలస్యం చేయలేదు. నన్ను ఆయనకి ఒక పక్క పట్టుకోమని, తను ఒక పక్క పట్టుకుని ట్రక్కు ఎక్కించి, ఎప్పుడూ ఆ ట్రక్కు నడపని మనిషి, ఆస్పత్రి దాకా నడిపింది. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి పోయింది. దాంతోపాటు ఇంగ్లీషు పోయింది.

మొదట మాటే పోయిందనుకున్నారు. నాలుగైదు రోజులకి ఏదో గొణగసాగాడు. అర్థం లేని కూత అనుకున్నాడు డాక్టరు. చర్చి నుంచి చూడ్డానికొచ్చిన ఒక ముసలావిడ గుమ్మం దగ్గరే ఆగిపోయి, అది కూత కాదు, ఆయన మాట్లాడుతున్నాడు, అంది. ఆవిడదీ సగం మరిచిపోయిన జర్మనే. ఆవు పాలు పితికారా అని అడుగుతున్నాడట. తర్వాత వాళ్లమ్మని పిలుస్తున్నాడట. బెత్తం దెబ్బలకి ఎక్కడ దాక్కుందో ఆ భాష, అంతకాలం తర్వాత అదొక్కటే బయటికొచ్చింది. ఆ ముసలావిడ వారానికోసారి వచ్చేది. మిగతా రోజుల్లో ఆయన అడిగేది ఎవరికీ తెలియదు. అర్థం కాక నర్సులు దిండు సర్దేవాళ్లు, దుప్పటి కప్పేవాళ్లు. ఆయన విసిగి గోడవైపు తిరిగేవాడు. మార్లీన్ ఆంటీ మంచం పక్కన కూర్చుని డాడీ, నేను, మార్లీన్‌ని, అని అంటూనే ఉండేది. ఆయన ఆవిడ ముఖం గుర్తుపట్టేవాడు. కళ్లలో నీళ్లు తిరిగేవి. మాట మాత్రం ఆవిడకి అందని భాషలో వచ్చేది.

ఒక మధ్యాహ్నం నేను బడి నుంచి వెళ్లేసరికి అమ్మ డ్యూటీలో పక్క మంచం దగ్గర ఉంది. ఆంటీ గ్లాసుతో పళ్లరసం పట్టిస్తుంటే ఆయన తల తిప్పేస్తున్నాడు. కావాలా, వద్దా, ఇంకేమైనా కావాలా అని ఆవిడ అడుగుతోంది. ఆయన కళ్లు గది అంతా తిరిగి నా మీద ఆగాయి. "నీలు," అన్నాడు.

అమ్మ పక్క మంచం వదిలేసి వచ్చింది. నేను నీళ్లు పోసి ఇచ్చాను. తాగాడు. ఇంకా పోయబోతే ఎడమచెయ్యి గ్లాసు మీద పెట్టి, "చాలు," అన్నాడు.

ఎందుకలా జరిగిందో డాక్టరు చెప్పలేకపోయాడు. నడివయసులో నేర్చుకున్న ఇంగ్లీషు కాదు, దాదాపు డెబ్బై ఏళ్లు మాట్లాడిన ఇంగ్లీషు పోయి, ముసలితనంలో భోజనాల దగ్గర సరదాగా నేర్చుకున్న గుప్పెడు మాటలు ఎలా మిగిలాయని అమ్మ కూడా ఆశ్చర్యపోయింది. నాకు సంతోషంగా అనిపించింది, గొప్పగా కూడా. మార్లీన్ ఆంటీ లేచి బయటికి వెళ్లిపోయింది. వరండాలో కిటికీ దగ్గర నిలబడి ఉంది. అమ్మ వెనకే వెళ్లింది.

"మీకు మాటలు మిగిల్చాడు," అంది ఆంటీ. "కన్నకూతుర్ని, నాకు ఒక్కటి కూడా మిగల్చలేదు."

అమ్మ, "అవి మావని ఎవరన్నారు మార్లీన్? నేర్చుకుంటే నీవే," అంది.

ఆ సాయంత్రమే ఆంటీ నన్ను కారులో కూర్చోబెట్టుకుని, ఆయనకి వచ్చిన మాటలన్నీ చెప్పమంది. బాల్‌పెన్నుతో అరచేతి మీద రాసుకుంది. నొప్పి, చలి, ఆకలి, పడుకో, వాన, చాలు. చెయ్యి నిండిపోతే మోచేతి దాకా రాసుకుంది. వారం పాటు ఆవిడ చేతులు చూస్తే పచ్చబొట్లు పొడిపించుకున్నట్టు ఉండేవి. పలకడం ఆయనకంటే కష్టమైంది ఆవిడకి. పట్టు వదల్లేదు. మొదటిసారి ఆయన దగ్గర వంగి "నొప్పి?" అని అడిగిన రోజు, ఆయన ఆవిడని చాలాసేపు చూశాడు. లేదన్నట్టు తల ఊపి, "చలి," అన్నాడు. ఆవిడ దుప్పటి తెచ్చి కప్పింది. కూతురు అడగడం, తండ్రి చెప్పడం, ఆవిడ చేయడం. అంతే. కానీ ఆ మూడూ ఒక వరసలో జరిగి ఎన్ని రోజులైందో మాకందరికీ తెలుసు.

పోయినేడు ఇక్కడ బాతెల్‌లో అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. ఇప్పుడు నాతోనే ఉంటోంది, ఎనభై దాటాయి. ఆస్పత్రిలో అమ్మ కాగితాల్లో తెలుగు అని చూడగానే, అడక్కుండానే, చక్రాల మీద ఒక తెర తోసుకొచ్చారు. అందులో ఎక్కడో కూర్చున్న దుబాసీ అమ్మాయి చక్కటి తెలుగులో, నొప్పి ఎలా ఉందండీ, పదిలో ఎంతండీ, అని అడిగింది. అమ్మ కూడా మర్యాదగా చెప్పింది. ఎంత మంచి కాలం వచ్చింది, అనుకున్నాను. ఏ భాష మనిషీ మంచం మీద ఒంటరిగా గొణుక్కోనక్కరలేదు. నిజంగానే మంచి కాలం. ఎర్నెస్ట్ తాత తల్లికి అలాంటి తెర ఒకటి ఉంటే ఆవిడ చెప్పుకున్నదంతా కొడుక్కి తెలిసేది. కానీ మార్లీన్ ఆంటీకి ఉండి ఉంటే, ఆవిడ చెయ్యి మీద ఏమీ రాసుకునేది కాదు కదా అని కూడా అనిపించింది. ఏది మేలో నాకు తేలలేదు. ఆ మాటే అమ్మతో అంటే, రెండూ కావాలి పిల్లా, ఎందుకు తేల్చడం, అంది.

ఎర్నెస్ట్ తాతని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. పొలం పక్కవాళ్లకి కౌలుకిచ్చారు. కింది గదిలో, చేను కనబడేలా కిటికీ పక్కన మంచం వేశారు. పగలు ఆంటీ, సాయంత్రం అమ్మా నేనూ. ఆ ఏడాదిన్నరలో ఆ ఇంట్లో మాట్లాడుకున్న భాషకి పేరు పెట్టలేను. ఆయన జర్మన్‌లో మొదలుపెట్టి తెలుగులో ఆగేవాడు. ఏ తిండైనా అన్నమే, రొట్టె కూడా అన్నమే. ఆంటీ ఇంగ్లీషు వాక్యం మధ్యలో 'ఆకలా డాడీ' వచ్చేది. ఆవిడ పిల్లలు, అప్పుడు బడికి పోయే వయసు, తాత దగ్గరికి వచ్చిపోతూ అవే పట్టుకున్నారు. కోతల రోజుల్లో కిటికీలోంచి మిషన్లు కనిపించేవి. నేను కంకి తుంచి తెచ్చి, నలిపి, గింజ ఆయన నోట్లో పెట్టేదాన్ని. కొరికి, తల ఊపేవాడు, లేదా అడ్డంగా ఆడించేవాడు. ఆ మాట కౌలుదారుకి చేరవేసేదాన్ని. తాత చెప్పేదాకా ఆ మనిషి మిషన్ దించలేదు. అది తాతకి ఆయనిచ్చిన మర్యాద.

రెండో శీతాకాలం చివర్లో జలుబు చేసింది. అది ఛాతీలోకి దిగింది. ఒక మధ్యాహ్నం, మంచు మీద ఎండ కాస్తుండగా, అమ్మ ఆయన నాడి పట్టుకుని చూసి, ఊపిరి విని, మార్లీన్ ఆంటీ వైపు తిరిగి, చెప్పుకోవాల్సిందేమైనా ఉంటే ఇప్పుడు చెప్పమంది. ఆంటీ ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది. నేను వినకూడదని బయటికి వెళ్లబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. కాసేపటికి నన్ను అడిగింది, ఇక వెళ్లు అని మీ భాషలో ఎలా చెప్పాలి అని.

మేము ఎవరినీ వెళ్లు అనం ఆంటీ, అన్నాను. గుమ్మం దాటేవాళ్లని వెళ్లు అనకూడదు, వెళ్లి రా అంటాం. దూరం పోయేవాళ్లనైనా అదే అంటాం. ఆవిడ అమ్మ వైపు చూసింది. అమ్మ అవునన్నట్టు తల ఊపింది.

ఆంటీ పెదాలు కదిలిస్తూ లోపల్లోపల రెండుసార్లు అనుకుంది. తర్వాత ఆయన చెవి దగ్గర వంగి, ఒక్కో అక్షరం జాగ్రత్తగా, "వెల్లి రా, డాడీ," అంది.

ఆయన కళ్లు తెరవలేదు. ఇంకాసేపు ఊపిరి వచ్చింది, పోయింది, ఎడం పెరిగింది, ఆగింది. అమ్మ గడియారం చూడలేదు. దుప్పటి అంచు సర్ది, తెలుగులో చిన్న ప్రార్థన చేసింది. ఆంటీ ఆయన చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. చాలాసేపటికి తలెత్తి నన్ను చూసింది.

"సరిగ్గా పలికానా?" అని అడిగింది.

"సరిగ్గానే పలికారు ఆంటీ," అన్నాను.

అప్పుడు ఏడ్చింది.